సగటున రెండొందల ఇరవై

మంత్రిగారు ఏ మాటా ఊరికే అనరు, మైకు ముందే అంటారు.

నవంబరు మొదటి వారంలో, ఉప్పుకండ్రిగ హైస్కూలు మైదానంలో, ఆయన మైకు ముందు నిలబడి ఇలా ప్రకటించారు: “ఈ రోజు నుంచీ నా నియోజకవర్గంలో ప్రతి ఇంటికీ రెండొందల ముప్పై వోల్టులు! ఒక్క వోల్టు తగ్గితే నన్ను అడగండి. ఒక్క వోల్టు పెరిగినా నన్నే అడగండి!”

మైదానం చప్పట్లతో మారుమోగింది. మంత్రిగారి శాఖకూ కరెంటుకూ సంబంధం లేదు. అయితే సంబంధం లేని విషయాల్లోనే ఆయన మరింత ధైర్యంగా హామీలిస్తారని జిల్లాలో మంచి పేరుంది. పక్కనే ఉన్న మండల పార్టీ అధ్యక్షుడు కిషోర్ బాబు, ఆ రెండొందల ముప్పైనీ తన ఇంట్లోంచే తెచ్చి పంచుతున్నంత వినయంగా రెండు చేతులూ జోడించాడు.

జనంలో ఒక్క మనిషి మాత్రం చప్పట్లు కొట్టలేదు. కోపం ఉండి కాదు, చేతులు ఖాళీ లేక. ఒక చేతిలో చిన్న నోటుపుస్తకం, రెండో చేతిలో పెన్ను. మంత్రిగారన్న మాటా, అన్న టైమూ రాసుకుంటున్నాడు.

ఆయన పేరు రూఫస్. రైల్వేలో ముప్పై ఒక్కేళ్ళు గార్డుగా చేసి, గూడూరులో రిటైరై, భార్య పుష్పకుమారి పుట్టిన ఊరని ఉప్పుకండ్రిగలో ఇల్లు కట్టుకున్నాడు. ఊళ్ళో అందరికీ గార్డుసారు. గూడ్సుబండి చిట్టచివరి పెట్టెలో కూర్చుని ముప్పై ఒక్కేళ్ళూ ఆయన విన్నది ఇనుము మీద ఇనుము రాసుకునే మోత. అందుకని రిటైరయ్యాక ఆయన కోరుకున్నది ఒక్కటే. ఒక పాటను మొదటి నుంచి చివరిదాకా, పాడేవాళ్ళు ఊపిరి తీసుకునే చప్పుడుతో సహా, శుభ్రంగా వినాలి. గూడూరులో ఆంప్లిఫయర్లు చేసే సుబ్బు షాపులో నాలుగు నెలలపాటు స్టూలు వేసుకుని కూర్చుని, లోపలి తీగ దగ్గర్నుంచి స్పీకర్ల చెక్కపెట్టెల దాకా కళ్ళ ముందే చేయించుకున్నాడు సెట్టు. పెన్‌డ్రైవు పెట్టి నొక్కితే, మనిషి వచ్చి ఎదురుగా కూర్చుని పాడినట్టుండేది.

మధ్యాహ్నం రెండు గంటలకు.

సాయంత్రం ఆరున్నరకు సంగతి వేరు. ఊరి వెనక కిషోర్ బాబు రొయ్యల గుంటలున్నాయి. పొద్దు వాలితే నీళ్ళలో రొయ్యలకు ఊపిరాడదు కాబట్టి, నీళ్ళు చిలికే ముప్పై ఏరియేటర్లు ఒకేసారి తిరగడం మొదలుపెడతాయి. అవన్నీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీదే. రొయ్యలకు ఊపిరి ఆడగానే ఊరికి ఆడదు. వోల్టేజి నూట అరవైకి దిగుతుంది. సెట్టులో పాడేవాళ్ళకు రొంప పడుతుంది. స్పీకర్లు గురగురమంటాయి. ఆపైన పాట టక్కున ఆగి, మళ్ళీ మొదటి నుంచి అందుకుంటుంది. తెల్లవారి ఏడింటికి గుంటల మీద మోటార్లు ఆపగానే అదే వోల్టేజి రెండొందల డెబ్బైకి ఎగురుతుంది. అలా ఎగిరిన రోజున సెట్టు ఆన్ చేసి ఉంటే లోపల ఏదో ఒకటి టప్పున పేలి, హాలంతా కాలిన వాసన వేస్తుంది.

మూడోసారి పేలినప్పుడు సుబ్బు సెట్టు మూత విప్పి, లోపలికి చూసి, మూత మళ్ళీ పెట్టేశాడు.

“అన్నా, సెట్టయితే ఎన్నిసార్లయినా చేసిస్తా. కరెంటు ఎవుర్ని చేసిమ్మంటావు?”

స్టెబిలైజరు కూడా కొన్నాడు రూఫస్. అది నూట డెబ్బై దాకా తన ధర్మం తాను నెరవేర్చేది. అంతకంటే దిగితే టకటకా కొట్టుకుని, ప్రాణభయంతో తనంతట తానే ఆగిపోయేది.

తన ఒక్కడి బాధే అయితే ఆయన ఓర్చుకునేవాడు. సిగ్నల్ దగ్గర గూడ్సుబండిని ఆరేసి గంటలు ఆపినా ఓర్చుకున్న మనిషి. కానీ పుష్పకుమారి చర్చిలో ఆడవాళ్ళ పాటల బృందానికి పెద్ద. క్రిస్మస్‌కు కొత్త పాట ఎన్నుకున్నారు. నెల్లూరులో ఎవరో అమ్మాయి పాడి పంపింది, అది విని నేర్చుకోవాలి. బృందంలోని పన్నెండుమందీ పగలు కూలికో, బడికో, అంగడికో పోయేవాళ్ళు. అందరికీ కుదిరేది సాయంత్రం ఆరున్నరకే. రోజూ పల్లవి అయి, మొదటి చరణం చివరికొచ్చేసరికి సెట్టు ఆగి మళ్ళీ పల్లవి ఎత్తుకునేది. మూడు వారాలయ్యేసరికి పల్లవి అద్భుతంగా వచ్చేసింది. రెండో చరణం ఎలా పాడాలో ఒక్కరికీ తెలియదు.

“ఈ పండక్కి పల్లవి పాడి కూర్చుంటామండీ,” అంది పుష్పకుమారి.

మంత్రిగారు నన్ను అడగండి అన్నారు కదా అని రూఫస్ అడిగాడు. ముందు కరెంటాఫీసుకు ఫోన్లో ఫిర్యాదు పెట్టాడు. నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది: ‘మీ సమస్య పరిష్కరించబడింది.’ వెంటనే వోల్టులు కొలిచే తన చిన్న మీటరు పెట్టి చూశాడు. నూట అరవై. మర్నాడు బస్సెక్కి కరెంటాఫీసుకు పోయాడు.

అక్కడ ఏఈ రవి కుమార్ చాలా మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు, రూఫస్ పూటపూటకీ వోల్టులు రాసుకున్న నోటుపుస్తకం ఆసాంతం తిప్పి చూశాడు. గార్డు చేతిరాత కాబట్టి ఒక్క కొట్టివేత కూడా లేదు.

“సాయంత్రం నూట అరవై అంటున్నారు. పొద్దున?”

“రెండొందల డెబ్బై సార్.”

“మధ్యాహ్నం?”

“రెండొందల ముప్పై.”

ఏఈ క్యాలిక్యులేటర్ తీసి మూడూ కూడి, మూడుతో భాగించాడు. ముఖం వెలిగింది.

“సగటున రెండొందల ఇరవై! అటూ ఇటూ ఆరు శాతం తేడాకు రూల్సు ఒప్పుకుంటాయి, ఆ టాలరెన్స్‌లోనే ఉన్నారు. కంగ్రాచ్యులేషన్స్ సార్.”

“సగటు మీద పాట వినేదెట్టా సార్?”

“అది వినియోగదారుడి వ్యక్తిగత విషయం. అందులో డిపార్ట్‌మెంట్ జోక్యం చేసుకోదు.”

“నేను రైల్వేలో చేసినా సార్. బండి ఒక స్టేషన్‌కు గంట ముందు, ఇంకో స్టేషన్‌కు గంట లేటు పోయిందనుకోండి. సగటున రైట్ టైమని రాస్తే పాసింజర్లు ఊరుకుంటారా?”

ఏఈ క్యాలిక్యులేటర్ పక్కన పెట్టాడు. “రైల్వే కేంద్రం పరిధిలోది సార్. దాని మీద నేను వ్యాఖ్యానించకూడదు.”

“పోనీ ఆ గుంటల మోటార్లకు వేరే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించండి.”

“ఏ గుంటలు సార్?”

“కిషోర్ బాబు రొయ్యల గుంటలు.”

ఏఈ బీరువా తెరిచి ఒక ఫైలు తీసి, పేజీ వెతికి చూపించాడు. “రికార్డు ప్రకారం అక్కడ కొబ్బరితోట ఉంది. ఒక్క ఐదు హార్స్ పవర్ మోటారు. మీరు టీ తాగండి, చల్లారిపోతుంది.”

అయినా మంత్రిగారు మాటిచ్చిన నియోజకవర్గం కాబట్టి విషయాన్ని తేలిగ్గా తీసుకోలేదు. ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. కమిటీ వారంలోపే ఉప్పుకండ్రిగ వచ్చింది, పగలు పదకొండింటికి. కిషోర్ బాబు వాళ్ళకు కొబ్బరిబోండాలు ఇప్పించాడు. తోటలో కాయలు లేనందువల్ల వాటిని గూడూరు నుంచి తెప్పించాల్సి వచ్చింది. కమిటీ రూఫస్ ఇంట్లో వోల్టేజి కొలిచింది. రెండొందల ముప్పై, ముల్లు కదల్లేదు.

“సాయంత్రం ఆరున్నరకు రండి సార్,” అన్నాడు రూఫస్.

“ఆఫీసు టైము ఐదుంబావు దాకానే,” అన్నాడు కమిటీలో పెద్దాయన. రూఫస్ అమాయకత్వానికి జాలిపడుతున్నట్టే అన్నాడు.

నివేదిక పది రోజుల్లో వచ్చింది. ప్రభుత్వ కాగితాల్లో అంత స్పష్టమైన తర్కం అరుదు. ‘గ్రామంలోని రెండు వందల పదమూడు ఇళ్ళలో ఫిర్యాదు చేసినది ఒకే ఒక్క ఇల్లు. కావున లోపము ఆ ఇంటిలోనే ఉండవలెను. సదరు ఇంటిలో నూట ఇరవై వాట్ల శబ్దవర్ధక యంత్రము గుర్తించబడినది. గ్రామములో వోల్టేజి తగ్గుదలకు సదరు యంత్రమే కారణమని కమిటీ ఏకగ్రీవముగా అభిప్రాయపడుచున్నది.’ ఇకపై ముందస్తు అనుమతి లేకుండా సాయంత్రాలు సెట్టు వాడరాదని రూఫస్‌కు నోటీసు. దాని నకలు పంచాయతీ ఆఫీసు గోడ మీద.

సాయంత్రానికల్లా ఎదురింటి ముసలమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని నాలుగూళ్ళు తిరిగి అమ్ముకొచ్చే మనిషి. ఆమె గొంతుకు ఆంప్లిఫయర్ అవసరం లేదు.

“గార్డుసారూ! నీ పాటల పెట్టె నా ఫ్యానుకొచ్చే కరెంటంతా తాగేస్తా ఉండాదంట గదా! ఫ్యాను తిరక్క, దోమలు నన్ను పీక్కతింటా ఉండాయి. దేవుడి పాటలు పాడేవోళ్ళు చేసే పనేనా ఇది?”

“ముసలమ్మక్కా, నా సెట్టు తాగేదెంత? రెండు ఫ్యాన్లంత గూడా లేదు.”

“కాయితంలో రాసినారే! చదువుకున్నోళ్ళు ముగ్గురు ఊరికే రాస్తారా?”

ఆ రోజు ప్రాక్టీసుకు పన్నెండుమందిలో నలుగురే వచ్చారు. వచ్చిన నలుగురూ వీధి వైపు చూస్తూ కూర్చున్నారు. పుష్పకుమారి పాట ఎత్తలేదు. పుట్టి పెరిగిన ఊళ్ళో ఆమెను వేలెత్తి చూపడం అదే మొదలు. అది చూసి రూఫస్‌కు మనసు కాలింది. సెట్టు మూడుసార్లు కాలినప్పుడు కూడా ఆయన అంతగా బాధపడలేదు.

మర్నాడు సాయంత్రం ఆరు దాటాక, సెట్టుకు ఒక చివర రూఫస్, ఒక చివర పుష్పకుమారి పట్టి, వీధి దాటించి ముసలమ్మ అరుగు మీద పెట్టారు.

“ఏందయ్యా ఇది? నాకెందుకు?”

“ప్లగ్గు చేతిలో పట్టుకోక్కా. వదలొద్దు. ఫ్యాను వైపు చూస్తా ఉండు.”

ముసలమ్మ ప్లగ్గును పాము తలలా పట్టుకుని కూర్చుంది. ఆరున్నరయింది. ఊరి వెనక నీళ్ళు చిలుకుతున్న మోత మొదలైంది. లోపల ఫ్యాను మెల్లమెల్లగా అలిసి, రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు అన్నట్టయింది. ముసలమ్మ ఫ్యానును చూసింది, చేతిలో ప్లగ్గును చూసింది.

“ఇది నా చేతిలోనే ఉండాది గదా. మరి తాగతా ఉండేది ఎవురు?”

నీళ్ళ మోత వినిపిస్తూనే ఉంది.

“ఓహో,” అంది ముసలమ్మ.

ఆ ఓహో మర్నాడు చేపల గంపతో పాటు నాలుగూళ్ళు తిరిగింది. రెండు రోజులకు ఒక పేపరు విలేకరి బండి వేసుకొచ్చి, ముసలమ్మ బల్బు కింద రూఫస్ మీటరు పెట్టి ఫోటో తీసుకుపోయాడు. ‘మంత్రి హామీ 230 – మీటరులో 148’ అని జిల్లా పేజీలో పడింది.

ఇక్కడే మంత్రిగారి గొప్పతనం చూడాలి. ఇంకొకరైతే ఖండించేవారు. ఆయన విలేకరులందర్నీ పిలిపించి, “ఆ గార్డుగారింట్లో, ఆ పాట, అదే సెట్టులో నేనే స్వయంగా వింటా. పగలు కాదు, సాయంత్రం ఆరున్నరకే వింటా!” అన్నారు.

ఏర్పాట్లకు నాలుగు రోజులు పట్టింది. స్తంభాలకు రంగులు వేశారు. రూఫస్ ఇంటికి కొత్త వైరు లాగారు. ఏఈ రవి కుమార్ నిద్రాహారాలు మాని లెక్కలు కట్టాడు. ఊళ్ళో మిగతా రెండు వందల పన్నెండు ఇళ్ళ లోడూ తీసేస్తే గార్డుసారు ఇంటికి నికరంగా రెండొందల ముప్పై వస్తుందని తేలింది.

“దానికంటే గుంటల మోటార్లు ఓ గంట ఆపితే పోలా సార్?” అన్నాడు లైన్‌మన్ కామాక్షయ్య.

“రొయ్యలు చచ్చిపోతాయయ్యా!”

“మరి జనం సార్?”

“గంటసేపట్లో జనం చావరు. ఆలోచించి మాట్లాడు.”

డిసెంబరు రెండో వారం. ఆరింటికి ఊరంతా కరెంటు తీసేశారు. మండల పార్టీ తరఫున ఇంటికి రెండు కొవ్వొత్తులు ఉచితం. పదిహేను కార్లలో మంత్రిగారు దిగేసరికి చీకట్లో వీధికి రెండు వైపులా జనం వెలుగుతున్న కొవ్వొత్తులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

“ఏందయ్యా, ఊరంతా చీకటి?” అన్నారు మంత్రిగారు.

“మీకు కొవ్వొత్తుల స్వాగతం సార్,” అన్నాడు కిషోర్ బాబు. “వొద్దన్నా జనం వినలా. లైట్లన్నీ వాళ్ళే ఆపుకున్నారు.”

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. చేతి మీద మైనం కారి ముసలమ్మ ఏదో అంది. బ్యాండు మోతలో అది నినాదమనుకుని ఆయన ఆమెకు నమస్కారం పెట్టారు.

రూఫస్ హాల్లో లైట్లు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. నాలుగు టీవీ కెమెరాలు. పన్నెండుమంది ఆడవాళ్ళూ మంచి చీరలు కట్టుకుని గోడవారగా నిలబడ్డారు. రూఫస్ ఆ నాలుగు రోజులూ ఒకటే మాటను మనసులో సిద్ధం చేసుకున్నాడు. కెమెరా ముందుకు రాగానే గుంటలూ మోటార్లూ కమిటీ నివేదికా, తేదీలతో సహా చెప్పేయాలి. జేబులో నోటుపుస్తకం ఉంది.

పాట పెట్టాడు. పల్లవి అయింది, ఆడవాళ్ళు గొంతు కలిపారు. మొదటి చరణం అయింది. చివరి మాట దగ్గర అలవాటుగా అందరూ ఆగారు. సెట్టు ఆగలేదు.

రెండో చరణం వచ్చింది.

ఎవరికీ రాదు కాబట్టి ఎవరూ పాడలేదు. పన్నెండుమందీ నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఆ నెల్లూరు పిల్ల గొంతు పైకిపోయి, అక్కడ ఒక క్షణం నిలబడి, చిన్నగా ఊపిరి తీసుకుని కిందికి దిగింది. ఆ ఊపిరి రూఫస్‌కు వినిపించింది. తబలా మీద అరచెయ్యి ఆనిన చప్పుడు వినిపించింది. ముప్పై ఒక్కేళ్ళ ఇనుప మోత చెవుల్లోంచి ఎవరో నీళ్ళు పోసి కడిగినట్టయింది. కళ్ళు తుడుచుకోబోయేసరికి గడ్డం కింద మైకు ఉంది.

“గార్డుగారూ, ఎలా ఉంది?”

“బాగుంది,” అన్నాడు రూఫస్.

అన్నాక గుర్తొచ్చింది. “ఇప్పుడు బాగుంది గానీ...” అని జేబులో చెయ్యి పెట్టేలోపు చప్పట్లు మిన్నంటాయి. మంత్రిగారు లేచి ఆయన్ని కౌగిలించుకున్నారు. నోటుపుస్తకం ఆ కౌగిలిలో నలిగింది. కెమెరాలు సర్దేశారు. కార్లు ఊరి కల్వర్టు దాటకముందే ఊరందరికీ కరెంటు వదిలారు, బల్బు ఎర్రబడింది, సెట్టు గురగురమని పల్లవి ఎత్తుకుంది.

ఆ రాత్రి అన్నం దగ్గర రూఫస్ ముద్ద కలిపి వదిలేశాడు.

“బాగుందని అనేసినా పుష్పా.”

“బాగుంది గదండీ,” అంది పుష్పకుమారి, చారు పోస్తూ. “అబద్ధమేం చెప్పలా మీరు.”

ఆమె ఓదార్పుగానే అంది. ఆయనకు మాత్రం ముల్లులా దిగింది.

మర్నాడు పేపర్లలో ‘బాగుంది!’ అని పెద్దక్షరాలతో, మంత్రిగారి కౌగిలిలో రూఫస్ ఫోటో వచ్చింది. మధ్యాహ్నం పన్నెండింటికి ఊళ్ళో కరెంటు పోయింది. సాయంత్రం రాలేదు. తెల్లవారినా రాలేదు. కరెంటాఫీసుకు ఫోన్ చేస్తే మరమ్మతులన్నారు.

ఆ పొద్దున తొమ్మిదీ నలభైకి రూఫస్ ఫోను టింగుమంది. చార్జింగ్ ఒక శాతం ఉంది. ‘గౌరవ వినియోగదారునికి. వోల్టేజి సమస్య పరిష్కారమైనట్లు మీరు స్వయంగా ధ్రువీకరించినందుకు కృతజ్ఞతలు. మా సేవకు ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు ఇవ్వండి. ఉదయం 10 గంటలలోగా సమాధానం రానిచో ఐదు మార్కులు ఇచ్చినట్లు పరిగణించబడును.’

ఈసారి రూఫస్ తడబడలేదు. కళ్ళజోడు పెట్టుకుని, ‘1’ నొక్కాడు. పంపేలోపు ఫోను ఆరిపోయింది.

చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటాడు. ముసలమ్మ అరుగు మీద తన ఫోనును అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

“సారూ, నాకూ ఏందో మెసేజీ వచ్చినాది. నా మనవరాలు చదివి, ఒకటి నొక్కమనింది. నొక్కేలోగా చచ్చింది. నేను ఫిర్యాదే చెయ్యలా, నాకెందుకు పంపినారు?”

పక్కింటికీ వచ్చింది. ఆ పక్కింటికీ వచ్చింది. రెండు వందల పదమూడు ఇళ్ళకూ వచ్చింది. నిన్న మధ్యాహ్నం నుంచీ కరెంటు లేని ఊళ్ళో, జవాబు పంపేదాకా బతికిన ఫోను ఒక్కటీ లేదు.

రూఫస్, వెనకే ముసలమ్మ, ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి దాదాపు పరుగెత్తారు. దిమ్మె మీద లైన్‌మన్ కామాక్షయ్య కూర్చుని ఉన్నాడు. గుంటల లైను వదిలేసి, ఊరి లైనుకు పీకిన ఫ్యూజులు మూడూ ఒళ్ళో పెట్టుకుని వాచీ చూసుకుంటున్నాడు.

“ఏం రిపేరు కామాక్షయ్యా?” అన్నాడు రూఫస్ రొప్పుతూ.

“రిపేరేం లేదు సార్,” అన్నాడు కామాక్షయ్య. కాస్త పక్కకు జరిగి, దిమ్మె మీద దుమ్ము తుడిచి చోటు చూపించాడు. “పదింటి దాకా ఎయ్యొద్దన్నారు. ఇంకో నాలుగు నిమిషాలే, కూర్చోండి.”